పీఆర్వీ దగ్గర పోతున్న కరెంటు: ఉప్పుడు బియ్యం మిల్లులో ఆవిరి, కరెంటు రెండూ తీసుకోవడం ఎలా

మా మేనల్లుడికి మిర్యాలగూడ దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లుంది. గంటకు 8 టన్నుల వడ్లు ఆడుతుంది. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి వెళ్తే భోజనాల దగ్గర కూడా వాడిది కరెంటు బిల్లు గొడవే. "మామయ్యా, నెలనెలా ఇంత కడుతుంటే ఇక మిగిలేదేంటి? ఊకతో కరెంటు తీసుకోమని ఒకాయన వెంటపడుతున్నాడు. ఒక మెగావాట్ మిషన్ అంటున్నాడు. నువ్వొకసారి చూసి చెప్పు" అన్నాడు. నేను పశ్చిమ గోదావరిలో ఒక చక్కెర ఫ్యాక్టరీ పవర్ హౌస్‌లో 27 ఏళ్లు షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ని. టర్బైన్ అనేసరికి అరిసె పక్కన పెట్టి లేచాను.

వాడు బిల్లుల ఫైలు తీయబోతే వద్దన్నాను. బాయిలర్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. అక్కడ ఆవిరి 10 కిలోల (చదరపు సెంటీమీటరుకు) ప్రెషర్‌లో తయారవుతోంది. డ్రయ్యర్లకు, కుక్కర్లకు కావలసింది 3 కిలోలే. మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వు, అదే పీఆర్వీ, పగలూ రాత్రీ సుయ్యిమంటూ ఏడు కిలోల ప్రెషర్‌ని నొక్కేస్తోంది. వాణ్ని ఆ వాల్వు పక్కన నిలబెట్టి, "నీ కరెంటు ఇక్కడ పోతోందిరా" అన్నాను. వాడికి అప్పుడు అర్థం కాలేదు.

విషయం ఇది. మామూలు థర్మల్ స్టేషన్‌లో బొగ్గులోని వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా కరెంటవుతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కండెన్సర్‌లో, అంటే ఆవిరిని మళ్లీ నీళ్లు చేసే చోట, చల్లారి గాల్లో కలుస్తుంది. పాల్వంచ మీదుగా వెళ్తుంటే కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచేది అదే. టర్బైన్ తిప్పి బయటికొచ్చిన ఆవిరిలో ఇంకా బోలెడు వేడి ఉంటుంది, దాన్ని వాడుకునేవాళ్లు అక్కడ లేరు. మన మిల్లులో ఉన్నారు. మన కండెన్సర్ మన డ్రయ్యరే. ఎక్కువ ప్రెషర్‌లో ఆవిరి తీసి, పీఆర్వీ బదులు టర్బైన్ గుండా పంపి, అది 3 కిలోలకు దిగాక డ్రయ్యర్‌కి ఇస్తే రెండు పనులూ అవుతాయి. దీన్ని బ్యాక్ ప్రెషర్ టర్బైన్ అంటారు. ఇదేమీ కొత్త విద్య కాదు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ పెట్టిన పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ నుంచే చుట్టుపక్కల భవనాలకు వేడి కోసం ఆవిరి అమ్మారు. చక్కెర ఫ్యాక్టరీలయితే చెరుకు పిప్పి కాల్చి, టర్బైన్లు తిప్పి, మిగిలిన ఆవిరితోనే రసం కాస్తాయి. నేను నేర్చుకున్నది అక్కడే.

ముందు ఆవిరి లెక్క రాయండి

మిషన్ అమ్మేవాళ్లు మొదట అడిగేది "మీ లోడ్ ఎంత, కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ లోడ్) ఎంత" అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే తప్పుదారే. డ్రయ్యర్లు మింగగలిగినంత ఆవిరి మీదే టర్బైన్ సైజు ఆధారపడాలి. కరెంటు ఎంత వస్తే అంత. మిగతాది ఎప్పటిలాగే లైన్ మీంచి కొనుక్కోవాలి. కరెంటు కోసం ఎక్కువ ఆవిరి తీశారా, ఆ మిగులు ఆవిరిని పైకి వదలడం తప్ప చేసేదేం లేదు. మా ఫ్యాక్టరీలో ఎగ్జాస్ట్ ఆవిరి, అంటే టర్బైన్ దాటి వచ్చింది, ఎక్కువై రేకుల మీద సేఫ్టీ వాల్వు ఊదిందంటే ఆ షిఫ్ట్ ఇంజనీర్‌కి తలవంపు. ఊరంతా వినబడేది. మర్నాడు కాంటీన్‌లో కూడా "రాత్రి మీదేనా?" అని అడిగేవాళ్లు.

కాబట్టి ఓ వారం రోజులు కూర్చుని లాగ్ రాయాలి. స్టీమ్ ఫ్లో మీటర్ ఉంటే మంచిదే, చాలా మిల్లుల్లో ఉండదు, ఉన్నా పనిచేయదు. బాయిలర్‌కి నీళ్లు పంపే ఫీడ్ పంపు సక్షన్‌లో ఒక హాట్ వాటర్ మీటర్ బిగించండి. లోపలికి వెళ్లిన నీళ్లలోంచి బ్లోడౌన్ (ఉప్పులు పోవడానికి బాయిలర్‌లోంచి వదిలేసే నీళ్లు) తీసేస్తే మిగిలింది ఆవిరే. సరి చూసుకోవడానికి ఊక తూకం కూడా పట్టండి. 10 కిలోల బాయిలర్‌లో కిలో ఊకకు మూడు, మూడుంబావు కిలోల ఆవిరి వస్తుంటే లెక్క కలిసినట్టే. రెండుంపావే వస్తోందంటే టర్బైన్ ఆలోచన పక్కన పెట్టి ముందు బాయిలర్ బాగుచేయించండి.

గంటకోసారి రాస్తే చాలదు. పావుగంటకోసారి రాయాలి. ఎందుకంటే కుక్కర్ తెరిచినప్పుడు ఆవిరి ఒక్కసారి ఎగబడుతుంది, గంట సగటులో అది కనబడదు. మేం రాసినప్పుడు తేలిందిది: డ్రయ్యర్లు నిలకడగా గంటకు 2.6 టన్నులు లాగుతున్నాయి. నానబెట్టే ట్యాంకుల నీళ్లు కాచడం, కుక్కర్లు కలిస్తే మొత్తం ఒక్కోసారి 5.5 టన్నులకు ఎక్కుతోంది, ఒక్కోసారి మూడుకు పడిపోతోంది. సగటు 4.2. అంటే టన్ను వడ్లకు దాదాపు 525 కిలోల ఆవిరి.

ఈ ఎగుడుదిగుళ్లు టర్బైన్‌కి పడవు. అందుకని మేం మొదట చేసిన పని మిషన్ కొనడం కాదు, నల్లబల్ల కొనడం. ఏ ట్యాంకు ఎన్నింటికి కాచాలి, ఏ కుక్కర్ ఎప్పుడు తెరవాలి అని దాని మీద టైం రాసి గోడకు తగిలించాం. రెండు కుక్కర్లు ఒకేసారి తెరవకూడదు, ఒకటి నడుస్తుండగా నీళ్ల ట్యాంకుకు ఆవిరి ఇవ్వకూడదు, ఈ రెండే నియమాలు. మేస్త్రీ మొదట గొణిగాడు. పది రోజులకు అతనికే నచ్చింది, ఎందుకంటే ప్రెషర్ పడిపోయిందని బాయిలర్ వాళ్లతో రోజూ జరిగే పోట్లాట ఆగిపోయింది. ఆవిరి 3.6కూ 4.6కూ మధ్య ఆడటం మొదలైంది. ఈ పనికి పైసా ఖర్చు లేదు. టర్బైన్ పెట్టినా పెట్టకపోయినా మీరూ చేసుకోండి.

లాగ్ రాస్తున్న వారంలోనే ఇంకో పని: స్టీమ్ ట్రాప్‌లన్నీ, అంటే ఆవిరిని ఆపి చల్లారిన నీళ్లను మాత్రమే వదిలేవి, చూడండి. సగం ట్రాప్‌లు తెరుచుకుని ఆవిరిని వదిలేస్తుంటే, ఆ దొంగ వాడకాన్ని కూడా అవసరమనుకుని పెద్ద మిషన్ కొంటారు.

ఎంత ప్రెషర్ పెడితే ఎంత కరెంటు

"ఉన్న 10 కిలోల బాయిలర్‌కే టర్బైన్ పెట్టొచ్చు కదా" అని అందరూ అడుగుతారు. పెట్టొచ్చు. అయితే మామూలు ఆవిరి, సూపర్ హీట్ లేనిది, అంటే ఆవిరయ్యాక మళ్లీ వేడెక్కించనిది, 10 నుంచి 3 కిలోలకు దిగితే టన్నుకు 20 నుంచి 25 యూనిట్లు మించి రావు. పైగా అది తడి ఆవిరి, టర్బైన్‌లోకి వెళ్లేసరికి బ్లేళ్ల అంచులు తింటుంది. 32 కిలోలు, 380 డిగ్రీల ఆవిరైతే చిన్న సింగిల్ స్టేజ్ మిషన్‌లో కూడా టన్నుకు 55 నుంచి 65 యూనిట్లు వస్తాయి. 45 కిలోలు, 440 డిగ్రీలకు వెళ్లి, కాస్త మంచి మిషన్ పెడితే 90 దాకా పోతుంది. కానీ ఆ స్థాయిలో గంటకు నాలుగైదు టన్నుల చిన్న బాయిలర్ ధర, దాని నీళ్ల శుద్ధి, అది నడపగల మనుషులు అన్నీ ఒక మెట్టు పైకెళ్తాయి. మేం 32 దగ్గర ఆగాం. పాత బాయిలర్‌కి ట్యూబులు పోయి ఎలాగూ మార్చాల్సి వచ్చింది, అందుకే అసలీ లెక్క కుదిరింది. బాగున్న బాయిలర్ పీకేసి ఈ పని చేయమని నేనెవరికీ చెప్పను.

రెండో కొస సంగతి చాలామంది పట్టించుకోరు. డ్రయ్యర్‌కి 3 కిలోలు నిజంగా కావాలా? ఎవరో ఎప్పుడో అలా సెట్ చేసిపెట్టారు, అలాగే నడుస్తోంది. మేం కాయిల్స్ శుభ్రం చేయించి, పైపు ఒక సైజు పెంచి చూస్తే 2 కిలోలతోనే వడ్లు అదే టైముకి ఆరాయి. ఆ ఒక్క కిలో తగ్గించినందుకు టన్ను ఆవిరికి పదో వంతు కరెంటు ఎక్కువ. పైన ప్రెషర్ పెంచడానికి లక్షలు కావాలి, కింద తగ్గించడానికి పైపులు, వైర్ బ్రష్ చాలు.

ఇక ఊక ఎంత ఎక్కువ కాలుతుంది? ఇక్కడే ఈ పద్ధతి అందమంతా ఉంది. ఒక యూనిట్ కరెంటంటే 860 కిలోకేలరీలు. బ్యాక్ ప్రెషర్ టర్బైన్ ఆవిరిలోంచి అంత వేడి, గేర్ బాక్స్, జనరేటర్ నష్టాలకు ఇంకాస్త తీసుకుని మిగతాదంతా డ్రయ్యర్‌కి అప్పజెబుతుంది. బాయిలర్ నష్టం కూడా కలిపినా యూనిట్‌కు 1,300 కిలోకేలరీలు. ఊక కిలోకు 3,100 చొప్పున వేస్తే 400 గ్రాముల పైచిలుకు, అంతే. అదే ఊకతో ఒట్టి కరెంటు మాత్రమే తీసే చిన్న కండెన్సింగ్ ప్లాంటులో యూనిట్‌కు కిలో దాటి ఒకటిన్నర దాకా పోతుంది. మావాడికి ఆ ఒక మెగావాట్ మిషన్ ఎందుకు వద్దన్నానో ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించాను. అప్పుడు అర్థమైంది. మా 8 టన్నుల వడ్లకు వచ్చే ఊకే గంటకు 1.6 టన్నులు. దాన్ని బాయిలర్ ఎలాగూ దాదాపు అంతా తినేస్తోంది. మెగావాట్ కావాలంటే బయట ఊక కొనాలి, లారీలు తిప్పాలి. అది మిల్లు నడపడం కాదు, ఇంకో వ్యాపారం.

మేం తీసుకున్నది 250 కిలోవాట్ల మిషన్. లాగ్ ప్రకారం సగటున 220 వస్తుందని వేసుకున్నాం. ఫీడ్ పంపు పెద్దదైంది, ఆయిల్ పంపు, కూలింగ్ వాటర్ పంపు వచ్చాయి, అవి తినగా చేతికి 200. మిల్లు వాడకం 350. తక్కినది లైన్ మీంచి. మావాడికి మొదట్లో ఇది వెలితిగానే అనిపించింది.

కొటేషన్ తీసుకునేటప్పుడు అడగాల్సినవి

ఫుల్ లోడ్‌లో స్టీమ్ రేటు ఎంతో అందరూ చెబుతారు. మీరు 70 శాతం ఆవిరి దగ్గర యూనిట్‌కు ఎన్ని కిలోల ఆవిరి తింటుందో కాగితం మీద రాయించుకోండి. మీ మిషన్ ఎక్కువ రోజులు నడిచేది అక్కడే. బ్లేళ్ల మీదికి ఆవిరి కొట్టే నాజిల్ గుంపులకు హ్యాండ్ వాల్వులు ఉన్నాయా అని అడగండి. ఆవిరి తగ్గినప్పుడు ఒక గుంపు మూసేస్తే మిగతా నాజిల్స్ పూర్తి ప్రెషర్‌లో పనిచేస్తాయి. లేకపోతే టర్బైన్‌కి ఆవిరి తగ్గించి పెంచే గవర్నర్ వాల్వే ఇంకో పీఆర్వీ అయి కూర్చుంటుంది, మనం వదిలించుకున్న జబ్బే మళ్లీ.

జనరేటర్ రెండు రకాలు. ఇండక్షన్ జనరేటర్ చవక, సింక్రొనైజ్ చేసే, అంటే లైన్‌తో లయ కలిపే, తలనొప్పి తక్కువ, కానీ లైన్ పోతే అదీ పోతుంది. సింక్రొనస్ జనరేటర్ ఖర్చెక్కువ, లైన్ లేకపోయినా నిలబడగలదు. కరెంటు కోతలు తక్కువున్న చోట ఇండక్షన్ చాలు. మేం సింక్రొనస్ తీసుకున్నాం. అది తెచ్చిన టెన్షన్ కింద చెబుతాను.

గవర్నర్ రెండు విధాలుగా పనిచేయగలగాలి. లైన్‌తో కలిసి నడుస్తున్నప్పుడు అది చూడాల్సింది ఎగ్జాస్ట్ ప్రెషర్‌ని. డ్రయ్యర్ ఎక్కువ ఆవిరి లాగితే ప్రెషర్ పడుతుంది, గవర్నర్ తెరుచుకుంటుంది, కరెంటు దానంతటదే పెరుగుతుంది. లైన్ పోయి ఒంటరిగా నడుస్తున్నప్పుడు స్పీడ్‌ని చూడాలి. కొన్ని చవక మిషన్లలో స్పీడ్ గవర్నర్ ఒక్కటే ఇస్తారు, ప్రెషర్‌ని మనిషి చేత్తో సరిచేసుకోవాలి. అలాంటిది వద్దు.

పాత పీఆర్వీని తీసేయొద్దు. టర్బైన్‌కి పక్కదారిగా, ఆటోమేటిక్‌గా తెరుచుకునేలా, పైనుంచి నీళ్లు చల్లి చల్లార్చే ఏర్పాటుతో ఒకటి ఉండాలి. టర్బైన్ ట్రిప్పయితే నానిన వడ్లు మనకోసం ఆగవు. మూడు నాలుగు గంటలు ఆవిరి లేకపోతే వాసన పడతాయి.

టర్బైన్ వెనకాల కూడా చల్లార్చే ఏర్పాటు, అంటే డీసూపర్ హీటర్, పెట్టించండి. చిన్న మిషన్ ఆవిరిలోని శక్తినంతా తీయలేదు కాబట్టి ఎగ్జాస్ట్ 200 డిగ్రీలు దాటి పొడిగా వస్తుంది. పొడి ఆవిరి ఎక్కువ వేడిగా ఉంది కదా, ఇంకా మంచిదనుకుంటారు. కాదు. కాయిల్‌లో తొందరగా వేడి వదలదు, కుక్కర్‌లోకి పోతే వడ్లను ఉడికించాల్సింది పోయి మాడుస్తుంది. శుభ్రమైన నీళ్లు సన్నగా చల్లితే ఆ నీళ్లు కూడా ఆవిరై మీ వాటాలో కలుస్తాయి, నూటికి ఆరేడు కిలోలు అదనం.

నీళ్లు

నల్లగొండ జిల్లా నీళ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నంతో చేసే పద్ధతికి ప్రపంచంలో పేరే "నల్లగొండ టెక్నిక్". బాయిలర్‌కి ఫ్లోరైడ్ కంటే కాఠిన్యం, సిలికా ప్రమాదం. 10 కిలోల బాయిలర్ సాఫ్ట్‌నర్ నీళ్లతో ఎలాగో నెట్టుకొస్తుంది. 32 కిలోల దగ్గర అది చాలదు, ఆర్వో తప్పనిసరి, దాని వెనక ఇంకో మెట్టు ఉంటే ఇంకా మంచిది. బాయిలర్ డ్రమ్ములో ఉప్పులు ఎక్కువైతే నురగ లేచి ఆవిరితోపాటు సూపర్ హీటర్‌లోకి, అక్కణ్నుంచి టర్బైన్ బ్లేళ్ల మీదికి ఎక్కుతాయి. తెల్లటి పొర కడుతుంది. నెలనెలా అదే ఆవిరికి కరెంటు కొంచెం కొంచెం తగ్గుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చక్కెర ఫ్యాక్టరీలో ఆవిరి చాలా వరకు నీళ్లై వెనక్కి వస్తుంది. ఉప్పుడు బియ్యం మిల్లులో కుక్కర్‌కి, నీళ్ల ట్యాంకుకు ఇచ్చిన ఆవిరి వడ్లలో కలిసిపోతుంది, డ్రయ్యర్ కాయిల్స్ నుంచే తిరిగి వస్తుంది. కాబట్టి ఆర్వో ప్లాంటు మీరనుకున్నదానికంటే పెద్దది కావాలి. కాయిల్ కండెన్సేట్, అంటే ఆవిరి చల్లారి వచ్చిన నీళ్లు, బొట్టు కూడా వదలొద్దు, తొంభై డిగ్రీల శుద్ధమైన నీళ్లవి. నీళ్లలో కరిగిన ఉప్పులు చూపే టీడీఎస్ మీటర్ చేతిలో పట్టుకుని షిఫ్టుకు రెండుసార్లు చూడండి.

ఊక బూడిద సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఊకలో అయిదో వంతు బూడిద, ఆ బూడిదలో నూటికి 85 పైన సిలికా. అంటే ఇసుక కాగితమే గాలిలో ఎగురుతున్నట్టు. పొగ వేగంగా మలుపు తిరిగే చోట ట్యూబులు, పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాను రెక్కలు అరిగిపోతాయి. ఆ మలుపుల్లో ట్యూబులకు షీల్డ్ వేయించమని బాయిలర్ కొనేటప్పుడే అడగాలి. తర్వాత అడిగితే ఎవరూ పలకరు.

కాగితాలు

పాత 1923 బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది, కానీ మీకు చేసే పనిలో తేడా తక్కువ. బాయిలర్ డ్రాయింగు, టర్బైన్ దాకా వెళ్లే ఆవిరి పైపు డ్రాయింగు రెండూ బాయిలర్ల శాఖ ఆమోదించాలి. పైపు, వాల్వులు, వెల్డర్ అన్నిటికీ సర్టిఫికెట్లుండాలి. జనరేటర్‌కి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి, లైన్‌తో కలిపి నడపడానికి డిస్కం అనుమతి, వాళ్లు చెప్పిన రిలేలు (తేడా వస్తే బ్రేకర్‌ని తెంపేవి) ఉండాలి. డిస్కం అప్లికేషన్ మిషన్ ఆర్డర్ ఇచ్చిన రోజే పెట్టండి. మేం మిషన్ వచ్చాక పెట్టాం, బిగించిన టర్బైన్ చూస్తూ కూర్చున్నాం.

కరెంటు పోయిన రాత్రి

నడిపిన మూడో వారం. నేను అక్కడే ఉన్నాను. రాత్రి రెండింటప్పుడు ఈదురుగాలికి లైన్ పోయింది. అప్పుడు పంపులతో సహా మొత్తం లోడ్ 350, మా మిషన్ ఇస్తున్నది 220. లైన్ వదిలేసిన 130 కూడా ఒక్కసారి దీని నెత్తిన పడింది. స్పీడ్ పడిపోయి, అండర్ ఫ్రీక్వెన్సీలో ట్రిప్పయి, మొత్తం చీకటి. చీకటి పెద్ద విషయం కాదు. ఫీడ్ పంపు ఆగింది, ఐడీ ఫ్యాను ఆగింది, లోపల ఊక కాలుతూనే ఉంది. డ్రమ్ములో నీళ్లు దిగుతున్నాయి. సెల్‌ఫోన్ లైట్ వేసుకుని డ్రమ్ములో నీటి మట్టం చూపే గేజ్ గ్లాసు దగ్గరికి పరిగెత్తాను. మొదట టర్బైన్‌ని మళ్లీ లేపుదామని ఆపరేటర్ అటు వెళ్తుంటే కేకేసి ఆపి, డీజిల్ జనరేటర్ స్టార్ట్ చేయించి ఫీడ్ పంపు వేశాక గాని ఊపిరి తీసుకోలేదు. నీళ్లు గ్లాసులో అడుగంచు దాకా వచ్చాయి. కనబడకుండా పోయి ఉంటే నీళ్లు కొట్టకూడదు, మంట ఆర్పడం ఒక్కటే దారి. ఎర్రగా కాలిన ట్యూబుల మీద చల్లటి నీళ్లు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తప్పు మాదే. కాంట్రాక్టర్ లోడ్ వదిలించే రిలే గురించి చెప్పలేదు, నేనూ అడగలేదు. చక్కెర ఫ్యాక్టరీలో కరెంటు ఎప్పుడూ మిగులే, ఈ పరిస్థితి రాదు. ఆ అలవాటు మీద ఉండిపోయాను.

ఆ తర్వాత చేసినవి మీరు మొదటే చేయండి. లైన్ పోయిన వెంటనే, రెప్పపాటులో, పాలిషర్ల ఫీడరు, ఎలివేటర్ల ఫీడరు వాటంతటవే తెగిపోవాలి. బాయిలర్ ఫీడర్, డ్రయ్యర్ ఫ్యాన్ల ఫీడర్ మాత్రమే టర్బైన్ మీద మిగలాలి. డ్రయ్యర్లు నడుస్తుంటేనే ఎగ్జాస్ట్ ఆవిరికి దారుంటుంది కాబట్టి అవి ఆగకూడదు. ఫీడ్ పంపుకి డీజిల్ జనరేటర్ నుంచి వేరే లైన్ ఉండాలి, ఆటోమేటిక్‌గా మారాలి. ఇది నెలకోసారి, పగటిపూట, అందరికీ చెప్పి, మెయిన్ బ్రేకర్ చేత్తో తీసి పరీక్షించాలి. మావాడు మొదట్లో "ఎందుకు మామయ్యా, నడుస్తున్నదాన్ని ఆపడం?" అనేవాడు. ఇప్పుడు వాడే తారీఖు గుర్తుపెట్టుకుంటున్నాడు.

స్టార్ట్ చేసేటప్పుడు తొందర వద్దు. మెయిన్ వాల్వు తెరవకముందు డ్రెయిన్లన్నీ తెరిచి, పైపులోని నీళ్లు పోయి పొడి ఆవిరి వచ్చేదాకా ఆగాలి. చల్లగా ఉన్న మిషన్‌కి నెమ్మదిగా వేడెక్కే టైం ఇవ్వాలి. మా ఎగ్జాస్ట్ పైపుకి వాలు సరిగ్గా లేక, కింద డ్రెయిన్ పాకెట్ పెట్టక, మొదటి వారం నీళ్లు నిలిచి సమ్మెటతో కొట్టినట్టు దబదబమని శబ్దాలు. పైపు సపోర్టు ఒకటి విరిగింది. మూడు రోజులు ఆపి పైపు మళ్లీ వేయించాం. ఓవర్ స్పీడ్ ట్రిప్ పరీక్ష మొదటిసారి కంపెనీ మనిషి ముందు చేయించండి. మామూలు స్పీడ్‌కి నూటికి పది ఎక్కువ అయ్యేసరికి మిషన్ తానే ఆగాలి. ఆగకపోతే ఆ రోజు దాన్ని లైన్‌కి కలపకండి, ఎవరెంత తొందరపెట్టినా.

డబ్బు

ఏడాదికి 5,000 గంటలు నడిచింది. చేతికి 200 కిలోవాట్లు, అంటే 10 లక్షల యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 70 లక్షలు. అందులోంచి అదనపు ఊక 460 టన్నులు, టన్ను 3,500 చొప్పున 16 లక్షలు తీసేయండి. ఇద్దరు అదనపు ఆపరేటర్లు, ఆర్వో, కెమికల్స్, ఆయిల్, విడిభాగాలు కలిపి మాకు 12 లక్షలయ్యాయి. మిగిలింది 42. మీ టారిఫ్, మీ ఊక ధర వేసుకుని మళ్లీ లెక్కేయండి. ఊక ధర 6,000కు పోతే ఏమవుతుందో కూడా వేసి చూడండి.

ఈ లెక్కలో అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పనిది డిమాండ్ ఛార్జీ. కరెంటు వాడకం సగానికి పైగా తగ్గింది కదా అని కాంట్రాక్ట్ డిమాండ్ కూడా తగ్గించుకోవాలనిపిస్తుంది. నెలలో ఒక్కసారి టర్బైన్ ట్రిప్పయి మిల్లు పూర్తిగా లైన్ మీద నడిచినా మీటర్ ఆ గరిష్ఠాన్ని పట్టేసుకుంటుంది, దాని మీద జరిమానా. మేం మొదటి ఏడాది డిమాండ్‌ని కదపలేదు. రెండో ఏడాది, ట్రిప్పులు ఎన్నో రాసుకున్నాక, కొంచెమే తగ్గించాం.

ఇంకో భయం కూడా ఉంది. ఇది మిషన్‌ది కాదు. 2021లో తెలంగాణ నుంచి యాసంగి ఉప్పుడు బియ్యం ఇక తీసుకోమని కేంద్రం అన్నప్పుడు ఈ చుట్టుపక్కల మిల్లులు ఎలా తల్లడిల్లాయో మావాడు చూశాడు. పచ్చి బియ్యానికి ఆవిరి అవసరమే లేదు. మిల్లు సగం రోజులు పచ్చి బియ్యం ఆడితే టర్బైన్ సగం రోజులు నిద్రపోతుంది. అందుకే 5,000 గంటలతో ఒకసారి, 3,000 గంటలతో ఒకసారి లెక్క వేయించాను. 3,000తో కూడా బ్యాంకు వాయిదా కట్టుకోగలిగితేనే సంతకం పెట్టమన్నాను.

సగటున గంటకు రెండు టన్నుల కంటే తక్కువ ఆవిరి వాడే మిల్లు, ఏడాదికి నాలుగు నెలలే ఆడే మిల్లు దీని జోలికి పోవద్దు. నల్లబల్ల, ట్రాప్‌లు, కండెన్సేట్, ఈ మూడూ చేసుకుంటే చాలు. పూర్తిగా పచ్చి బియ్యం మిల్లయితే అసలు ప్రశ్నే లేదు. పాల డెయిరీలు, బట్టల అద్దకం యూనిట్లు, నూనె రిఫైనరీలు, ఇలా రోజంతా ఆవిరి వాడేవాళ్లెవరైనా ఇదే లెక్క వేసుకోవచ్చు, ఊక బదులు వాళ్ల ఇంధనం పెట్టుకుని.

మొన్న దసరాకు వెళ్లాను. పాత పీఆర్వీ దగ్గర నిలబడితే చప్పుడు లేదు. బైపాస్‌లో మూసుకుని ఉంది. కొంచెం ఆవిరి లీకవుతున్నట్టు అనిపించి చెయ్యి దగ్గర పెట్టి చూశాను, సీటు అరిగింది. వచ్చే షట్‌డౌన్‌లో మార్చమని లాగ్‌బుక్కులో రాసి వచ్చాను.